సిలియన్ కాదండీ, కిలియన్

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ పేపర్లో ఒకే రోజు క్రీడల పేజీలో కిలియన్ ఎంబాపే అనీ, సినిమా పేజీలో సిలియన్ మర్ఫీ అనీ వేశారు. రెండూ ఒకే పేరండీ, ఐర్లాండ్‌లో పుట్టిన పేరు. ఐరిష్ నటుడు మర్ఫీ దాన్ని ఇంగ్లిష్ సి అక్షరంతో మొదలుపెట్టి రాస్తారు, అంతే తేడా. మీ ఒక్కరినే అనడం లేదు, ఓపెన్‌హైమర్‌గా నటించి 2024లో మర్ఫీ ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నప్పుడు టీవీలూ, యూట్యూబ్ రివ్యూలూ అన్నీ సిలియన్, సిలియన్ అని ఊదరగొట్టాయి.

ఐరిష్ భాషలో సి అక్షరానికి ఎప్పుడూ క శబ్దమే. వాళ్ల సంప్రదాయ అక్షరమాలలో ఉన్నవే 18 అక్షరాలు, అందులో కె లేనే లేదు, ఆ పని కూడా సి యే చేస్తుంది. ఊళ్ల పేర్లు ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి మాత్రం కె వచ్చి చేరింది: కిల్డేర్, కిల్కెన్నీ, కిలార్నీ. వీటిలో కిల్ అంటే చర్చి. కిలియన్ కూడా ఆ మాట నుంచే పుట్టిందని కొందరంటారు, కాదు, పోరు అనే అర్థమున్న ఇంకో పాత మాట నుంచి వచ్చిందని మరికొందరు.

ఈ పేరు సముద్రం దాటింది మాత్రం ఏడో శతాబ్దపు కిలియన్ అనే ఒక సన్యాసి వల్ల. ఐర్లాండ్‌లో కావన్ కౌంటీలోని ముల్లా ఆయన సొంతూరని చెబుతారు. ఇప్పటి జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్‌కి వెళ్లి అక్కడి డ్యూక్‌ని క్రైస్తవంలో కలిపాడు, అంతటితో ఊరుకోకుండా, చనిపోయిన సోదరుడి భార్యను పెళ్లాడటం తప్పు, ఆవిడను వదిలెయ్యమన్నాడట. ఇంకేముంది, డ్యూక్ ఊళ్లో లేని సమయం చూసి ఆవిడే 689 ప్రాంతంలో ఈయన్నీ, వెంట ఉన్న ఇద్దరినీ చంపించిందని కథ. ఇప్పటికీ ఆ ఊళ్లో ఏటా జులైలో ఆయన పేరు మీదే పెద్ద జాతర జరుగుతుంది. జర్మన్లు కె పెట్టి ఒకే ఎల్‌తో రాస్తారు, ఇంకొందరు రెండు ఎల్‌లు వేస్తారు, ఎంబాపే వాళ్లింట్లో ఐ బదులు వై పెట్టారు. స్పెల్లింగ్ ఎన్ని వేషాలు వేసినా మొదటి శబ్దం మాత్రం క యే.

మన లత, గీత పేర్లకు ఇంగ్లిష్‌లో టి పక్కన హెచ్ పెడతాం కాబట్టి ఢిల్లీ యాంకర్లు లథా, గీథా అని చదివేస్తుంటే మనకు ఒళ్లు మండుతుంది కదా, మరి మనం చేస్తున్నదేమిటి? తెలుగులో వినపడింది వినపడినట్టు రాసే వీలుంది, అయినా ఇంగ్లిష్ స్పెల్లింగ్ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం దింపేస్తాం. నీవ్ అనే ఐరిష్ అమ్మాయి మన చేతిలో నియామ్ అయిపోతుంది, షివాన్ కాస్తా సియోభాన్ అవుతుంది. ఐరిష్‌లో బి పక్కన గానీ ఎం పక్కన గానీ హెచ్ ఉంటే చాలాసార్లు వ అని పలుకుతారు, మీ డెస్క్ వాళ్లకు ఈ ఒక్క ముక్క తెలిసినా సగం పేర్లు గట్టెక్కుతాయి. మిగతావాటికి ఆ నటీనటుల ఇంటర్వ్యూ ఏదైనా ఒక్క నిమిషం విని రాయమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్