వార్షిక నివేదిక 2024–25: ఆదివారం రస్ట్ తరగతి

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో పిల్లలు ఎక్కువ ఇష్టపడింది రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే ఆదివారం తరగతి. అందుకే ఈ నివేదికలో సింహభాగం దానికే ఇస్తున్నాం. రక్తదానం, పుస్తకాల పంపిణీ యథావిధిగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది.

రస్టే ఎందుకని కొందరు సభ్యులు అడిగారు. మన పిల్లలు కాలేజీలో సీ భాష చదువుతారు. విడిచిపెట్టేసిన మెమరీని మళ్లీ వాడినా సీ కంపైలర్ (రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్ భాషలోకి మార్చేది) చాలాసార్లు ఊరుకుంటుంది. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ ఎక్కడో కూలుతుంది. రస్ట్ ఆ తప్పును కంపైల్ దగ్గరే ఆపేస్తుంది. 2015లో 1.0 వెర్షన్ వచ్చిన ఈ భాషకి 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టం మూలభాగం, కెర్నెల్ 6.1లో చోటు దక్కింది.

విజయనగరం పిల్లలతో పాటు నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి నుంచి కూడా వచ్చారు. సిరిమాను పండగకి మాత్రం తరగతి ఆపాం. అందరికీ ప్రోగ్రాంలు రాసుకునే వీఎస్ కోడ్‌లో రాస్తుండగానే సాయం చేసే రస్ట్ ఎనలైజర్ పెట్టి ఇచ్చాం. వేరియబుల్ పక్కనే దాని టైపు, అంటే అది ఏ రకం విలువో, లేత రంగులో కనిపిస్తుంది, ఫంక్షన్ పేరు మీద మౌస్ ఉంచితే వివరణ వస్తుంది. ఇంగ్లిష్‌లో ప్రశ్న అడగడానికి మొహమాటపడే పిల్లలకి ఇది పెద్ద అండ.

ఒకమ్మాయి గోగునార కట్టల బరువులు కూడే ప్రోగ్రాం రాసింది. 2021లో వచ్చిన 1.53 వెర్షన్ నుంచి పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు కాబట్టి బరువుల జాబితా అయిన వెక్టర్‌కి ‘కట్టలు’ అనే పేరు పెట్టింది. దాన్ని ఫంక్షన్‌కి ఇచ్చేసి, కింది లైనులో మళ్లీ ప్రింట్ చేయబోయింది. ఫైలు సేవ్ చేయగానే ఎర్రగీత పడింది, తప్పు సంఖ్య E0382. రస్ట్‌లో ఒక విలువకి ఒకేసారి ఒక్కరే హక్కుదారు. ఆ హక్కు ఫంక్షన్‌కి వెళ్లిపోయింది, ఇక ఆ పేరుతో వాడడానికి లేదు. క్లోన్, అంటే నకలు, చేసుకోవచ్చని కంపైలరే సలహా ఇస్తుంది, ఒక్క నొక్కుతో దిద్దేయొచ్చు. కానీ ఆ నొక్కుడు అలవాటైతే హక్కు సంగతి ఎప్పటికీ తలకెక్కదు. అందుకని మీట నొక్కేముందు ఆ విలువ ఎవరి చేతిలో ఉందో బోర్డు మీద రాయాలని నియమం పెట్టాం. ఆమె రాసింది, ఇవ్వాల్సింది అరువే అని తనే తేల్చుకుని పేరు ముందూ, ఫంక్షన్‌లో రాసిన టైపు ముందూ యాండ్ గుర్తు (&) పెట్టింది. ఎర్రగీత పోయింది.

ఇంకొకబ్బాయి ‘అమ్మ’ అనే మాట పొడవు అడిగితే 12 వచ్చింది. కంప్యూటర్ పాడైందన్నాడు. పొడవు చెప్పే లెన్ అనే ఫంక్షన్ మీద మౌస్ ఉంచమన్నాం. పొడవు బైట్లలో, అక్షరాల్లో కాదని అక్కడే రాసి ఉంది. అ, మ, పొల్లు, మ మొత్తం నాలుగు, అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు. ఆ రోజు మిగతా పాఠమంతా పక్కనపెట్టి దీని మీదే మాట్లాడుకున్నాం.

ఇబ్బంది ఒక్కటే. రస్ట్ ఎనలైజర్‌కి మెమరీ బాగా కావాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న మన పాత కంప్యూటర్ల మీద అది ఈడ్చుకుంటూ నడిచింది. వాటి మీద కూర్చున్న పిల్లలు టెర్మినల్‌లో కార్గో చెక్ అనే ఆదేశం కొట్టి, అది చూపే తప్పులు చదువుకున్నారు. వాళ్లేమీ వెనకబడలేదు గానీ, అందరికీ ఒకే సదుపాయం ఉండడం న్యాయం. వాడకంలో లేని 8 జీబీ కంప్యూటర్ గానీ, ర్యామ్ గానీ ఇవ్వగల సభ్యులు దసరాలోపు కార్యదర్శికి చెప్పాలని మనవి.