వార్షిక నివేదిక: ఈ ఏడాది మన పని, పొట్ట గోడ అల్ట్రాసౌండ్ శిక్షణ

గౌరవ అధ్యక్షులకు, పెద్దలకు, తోటి మత్తు డాక్టర్లకు నమస్కారం.

2016లో ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైనా మన సంఘం ఒక్కటిగానే ఉంది. నెలనెలా కలవాలన్నది నియమం. ఈ ఏడాది ఏడుసార్లే కలవగలిగాం. రక్తదాన శిబిరం, సీపీఆర్ శిక్షణ ఎప్పటిలాగే జరిగాయి.

నేను గర్వంగా చెప్పుకునేది మాత్రం అల్ట్రాసౌండ్‌లో పొట్ట గోడ కండరాలను గుర్తుపట్టే శిక్షణ గురించే. సిజేరియన్, హెర్నియా ఆపరేషన్ల తర్వాత నొప్పి తగ్గడానికి పొట్ట గోడ కండరాల పొరల మధ్య తిమ్మిరి మందు ఎక్కించే ట్యాప్ బ్లాక్‌ను మనలో కొందరు ఇంకా చేతి అంచనాతోనే ఇస్తున్నారు. సూది ఎక్కడుందో స్క్రీన్ మీద చూసే వీలున్నప్పుడు అంచనాతో పని లేదని నా గట్టి నమ్మకం.

మిషన్ దొరకడమే పెద్ద టెన్షన్ అయింది. లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994 నుంచి ఉంది. దాని ప్రకారం రిజిస్టరైన చోటు నుంచి మిషన్‌ను మన ఇష్టానికి బయటికి తీసుకుపోలేం. ఆ చట్టం అవసరమైనదే, దాన్ని తప్పుపట్టను. శిక్షణకు ఏం చేయాలో ఒక కాగితం మీద రాసివ్వమని అడిగితే మాత్రం ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిప్పారు, చివరికి జవాబే ఇవ్వలేదు. దాంతో మన సభ్యుడి ఆసుపత్రిలో, రిజిస్టరైన గదిలోనే, ఐదుగురు చొప్పున కూర్చున్నాం. ఏ అనుమానానికీ తావు లేకుండా మగవాళ్లనే స్కాన్ చేశాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఓపిగ్గా పడుకున్న ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ తమ్ముళ్లకు సంఘం తరఫున చేతులెత్తి దండం.

మొదటి గంట అందరం తడబడ్డాం. చర్మం కింది కొవ్వును కూడా ఒక కండరంగా లెక్కపెట్టి, పైనుంచి మూడోది అనుకుంటూ మధ్య కండరం ఇంటర్నల్ ఆబ్లిక్‌నే అడుగు కండరం ట్రాన్స్‌వర్సస్ అన్నాం. నేర్పడానికి సూర్యాపేట నుంచి వచ్చిన రేడియాలజిస్ట్ మేడం ఆ లెక్కనే తిరగేశారు. స్కాన్ చేసే చేతి పరికరం, అంటే లీనియర్ ప్రోబ్‌ను బొడ్డు పక్కన అడ్డంగా పెట్టి ముందు పొట్ట మధ్యలో నిలువుగా ఉండే రెక్టస్ కండరాన్ని పట్టుకోవాలి. పక్కకు జరుపుతూ పోతే దాని అంచు దాటాక మూడు పొరలు తేలుతాయి. అక్కడ కిందనుంచి లెక్కపెట్టాలి. పేగులు కదిలే చోటుకు పైనే ఉన్న సన్నని నల్ల పట్టీ ట్రాన్స్‌వర్సస్. దానిమీద, మామూలుగా మూడింట్లో మందంగా ఉండేది ఇంటర్నల్ ఆబ్లిక్. అన్నిటికన్నా పైది ఎక్స్‌టర్నల్. ప్రోబ్‌ను గట్టిగా అదిమితే పొరలు పలచబడి మళ్లీ మోసపోతాం.

"నల్లవి మడులు, తెల్లవి గట్లు" అన్నారు సాగర్ ఆయకట్టులో పెరిగిన మిర్యాలగూడ సభ్యులు. ఆ తర్వాత ఎవరికీ వేరే గుర్తు అవసరం రాలేదు. మందు పడాల్సింది ఇంటర్నల్ మడికీ ట్రాన్స్‌వర్సస్ మడికీ మధ్య గట్టులో. మధ్యాహ్నం మటన్ తొడ మీద సెలైన్‌తో సూది ప్రాక్టీసు చేశాం. నీళ్లు సరైన చోట పడితే పొరలు విచ్చుకోవడం కళ్లారా చూశాం. ముప్పై ఏళ్ల అనుభవమున్న మన పెద్దాయన కూడా పిల్లాడిలా సంబరపడ్డారు. ఆ సంబరం చూశాక మూడు నెలల తిరుగుడు మర్చిపోయాను.

మోతాదు గురించి మళ్లీ చెబుతున్నా. 45 కిలోల బాలింతకు కిలోకు 3 మి.గ్రా. చొప్పున రోపివకేన్ అనే తిమ్మిరి మందు 135 మి.గ్రా. దాటకూడదు. రెండు పక్కలా కలిపి 0.375 శాతం మందు 40 మి.లీ. ఎక్కిస్తే 150 అవుతుంది. 0.25 శాతమైతే 100తో సరిపోతుంది. ఇంకోటి, ఈ బ్లాక్ పొట్ట గోడ నొప్పికే పనిచేస్తుంది. లోపలి గర్భాశయం నొప్పికి వేరే మందు ఇవ్వాల్సిందే.

మేడంకు, గది ఇచ్చిన సభ్యుడికి, అందరికీ భోజనం వండి పంపిన వారి కుటుంబానికి, మిషన్ సర్ది పెట్టిన నర్సు అమ్మలకు కృతజ్ఞతలు. వాట్సాప్‌లో పేరిచ్చి, ఏర్పాట్లు చూస్తామని మాటిచ్చి, ఆ రోజు ఫోన్ కూడా ఎత్తని సభ్యుల గురించి రాయకుండా ఉండలేను. కుర్చీలు మోసింది, టీ పోసింది ఇద్దరే. ఇది న్యాయం కాదు.

లెక్కల పత్రం జతచేశాం, ఆడిట్ అయింది, మిగులు బ్యాంకులో ఉంది. చందా బాకీలున్నవారు ఈ నెలలోనే కట్టాలి.

తర్వాతి శిక్షణ సూర్యాపేటలో. ఈసారి సన్నగా ఉన్నవాళ్లు వద్దు, పొట్ట ఉన్న మగ వాలంటీర్లు ముగ్గురు కావాలి. మన పేషెంట్లలో చాలామంది అలాగే ఉంటారు. కొవ్వు కింద పొరలు వెతకడం అక్కడే నేర్చుకోవాలి. పేర్లు నాకు నేరుగా చెప్పండి, చెప్పినవాళ్లు రండి.

ఇట్లు,
కార్యదర్శి