హారర్ కామిక్స్: కొనే ముందు చదవండి

సంపాదకులు గారికి నమస్కారం.

పాత అమెరికన్ కామిక్స్ వేలంపాటల్లో ఎంతెంత ధర పలుకుతున్నాయో మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చాక నా పాత విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేశారు. "టీచర్, మీ దగ్గర హారర్ కామిక్స్ ఉండేవి కదా, ఏవి కొంటే రేపు రేటు పెరుగుతుంది?" అనే అందరూ అడిగారు. ఏవి చదవాలని ఒక్కరూ అడగలేదు. అది నాకు బాధగా ఉంది. అందుకే అడగని ఆ ప్రశ్నకి మీ పత్రిక ద్వారా జవాబు చెప్పాలనుకుంటున్నాను.

నేను మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మా నాన్న విశాఖ పోర్టులో సరుకు లెక్క రాసే టాలీ క్లర్కు. ఓడల్లో సిబ్బంది చదివి పారేసిన పత్రికల కట్టలు అప్పుడప్పుడు ఇంటికి తెచ్చేవారు. వాటిలో వారెన్ కంపెనీ 'క్రీపీ', 'ఈరీ' ఉండేవి. ఆ ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది కాదు కానీ బొమ్మలు పదేపదే చూసేదాన్ని. ఒక్క నలుపుతో ఇన్ని చీకట్లు ఎలా వేశారా అని ఇండియన్ ఇంకుతో ప్రయత్నించేదాన్ని. డ్రాయింగ్ పరీక్షలకి కట్టాలన్న పట్టుదల నాకు అక్కడే వచ్చింది.

కొత్తగా చదివేవాళ్లు ఈసీ కామిక్స్ అనే అమెరికన్ కంపెనీ పత్రికలతో మొదలుపెట్టాలి. 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్', 'ది వాల్ట్ ఆఫ్ హారర్', 'ది హాంట్ ఆఫ్ ఫియర్' అని మూడు పత్రికలు. 1950లో మొదలై 1955 మొదట్లోకల్లా ఆగిపోయాయి. విలియం గెయిన్స్ ప్రచురణకర్త. ఎడిటరు ఆల్ ఫెల్డ్‌స్టైన్, చాలా కథలు రాసిందీ ఆయనే. సంచికకి నాలుగు కథలు, ఒక్కోటి ఆరేడు పేజీలు. కథ చెప్పడానికి క్రిప్ట్ కీపర్, వాల్ట్ కీపర్, ఓల్డ్ విచ్ అని ముగ్గురు వికారపు ముసలివాళ్లు. చందమామ చదివి పెరిగిన మనకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. శంకర్ గారి బొమ్మలో విక్రమార్కుడి భుజాన వేలాడే శవంలోంచి బేతాళుడు కథ ఎత్తుకునేవాడు, చివర్న ప్రశ్న వేసి తీర్పు రాజుచేత చెప్పించేవాడు. ఈసీ కథల్లో తీర్పు చచ్చినవాళ్లే లేచొచ్చి అమలు చేస్తారు. భాగస్వామిని ముంచినవాడు, భార్యని చంపినవాడు, ముసలివాళ్లని ఏడిపించినవాడు, ఎవడూ తప్పించుకోడు.

బొమ్మలు వేసే పిల్లలు ఒక సంగతి గమనించాలి. ఈసీలో చాలా కథలకి మాటలన్నీ లెరాయ్ లెటరింగ్ సెట్టుతో ముందే దించేసి, ఆ తర్వాతే బోర్డు ఆర్టిస్టుకి ఇచ్చేవారు. అచ్చుపట్టీ వెంట కలం నడిపి అక్షరాలు రాయడానికి డ్రాఫ్ట్స్‌మెన్ వాడే సెట్టే అది. మాటలు పోగా మిగిలిన జాగాలో బొమ్మ ఇమడాలి. ఆ ఇరుకులో ఎవరేం చేశారో చూడండి. గ్రాహం ఇంగెల్స్ 'గాస్ట్‌లీ' అని సంతకం పెట్టేవాడు. ఆయన గీసిన ముసలమ్మ ముఖంలో గీత ఎక్కడా నిటారుగా ఉండదు, అన్నీ కారిపోతున్నట్టే ఉంటాయి. జానీ క్రెయిగ్‌ది దానికి పూర్తిగా వ్యతిరేకం. శుభ్రమైన గది, ఇస్త్రీ బట్టలు, మర్యాదస్తుల ముఖాలు. భయం ఆ మర్యాదలోంచే వస్తుంది. నాకు ఇద్దరిలో క్రెయిగే ఇష్టం. తన కథలు చాలామటుకు తనే రాసుకునేవాడు. జాక్ డేవిస్ చేతిలో మంచి జోరుంది, కానీ 1953లో ఆయన వేసిన 'ఫౌల్ ప్లే' మాత్రం మొదట్లోనే చదవకండి. శరీర భాగాలతో బేస్‌బాల్ ఆడే కథ అది. మిగతావి చదివాక దాని సంగతి చూసుకోవచ్చు.

బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్ వేసిన 'మాస్టర్ రేస్' గురించి చెప్పకుండా ఉండలేను. ఈసీ వాళ్లే 1955లో తెచ్చిన 'ఇంపాక్ట్' మొదటి సంచికలో వచ్చింది, ఎనిమిది పేజీలు. సబ్‌వే రైల్లో కూర్చున్న ఒక మాజీ నాజీ అధికారి ఎదుట అతను మర్చిపోవాలనుకున్న ముఖం ప్రత్యక్షమవుతుంది. దెయ్యాలు లేవు, రక్తం లేదు. రైలు కదులుతుంటే కిటికీల్లో ముఖాలు ఒకదాని మీద ఒకటి పడి చెదిరినట్టు ఆయన ఒకే గడిలో గీసి చూపించాడు. కాలాన్ని కాగితం మీద ఎలా నడపాలో తెలియాలంటే ఆ పేజీలు చాలు.

ఇవి పిల్లల్ని చెడగొట్టవా అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయం పాతదే. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ వల్లే పిల్లలు నేరాల్లోకి దిగుతున్నారని పుస్తకం రాశాడు. అదే ఏప్రిల్లో అమెరికా సెనేట్ ఉపసంఘం గెయిన్స్‌ని కూర్చోబెట్టి ప్రశ్నించింది. ఏడాది తిరక్కుండానే ప్రచురణకర్తలు తమకు తామే ఒక కోడ్ పెట్టుకున్నారు. పేరులో 'హారర్' అన్న మాట ఉండకూడదు, రక్తపిశాచులు, జాంబీలు కనబడకూడదు. ఆ గాలి మన దేశానికీ తగిలింది. 1956లో మన పార్లమెంటు యంగ్ పర్సన్స్ హార్మ్‌ఫుల్ పబ్లికేషన్స్ చట్టం చేసింది. అయితే 2012లో కారల్ టిలీ అనే పరిశోధకురాలు వెర్తమ్ దాచుకున్న కాగితాలు పరిశీలించి, ఆయన పిల్లల మాటల్ని తనకు కావలసినట్టు మార్చుకున్నాడని చూపించింది. అలాగని ఈసీని ఏడేళ్ల పిల్లాడి చేతిలో పెట్టమని నేను అనను. పదిహేను దాటాక ఇవ్వండి, పక్కన కూర్చుని మీరూ చదవండి.

చిన్నవాళ్లకి షిగేరు మిజుకీ 'కిటారో' ఇవ్వండి. 1960ల నాటి జపాన్ బొమ్మల కథలు, ఇంగ్లీషులో దొరుకుతాయి. మిజుకీ యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకుని, మిగిలిన ఒక్క చేత్తో జీవితాంతం ఊరి దెయ్యాలని ప్రేమగా గీశాడు. అమెరికన్ కామిక్స్ కంపెనీ డీసీ వాళ్ల 'హౌస్ ఆఫ్ మిస్టరీ' కూడా ఫరవాలేదు. 1968లో ఈసీ పాత ఆర్టిస్టు జో ఓర్లాండో ఎడిటరుగా వచ్చాక అది మళ్లీ హారర్ దారి పట్టింది.

వారెన్ పత్రికలు మామూలు కామిక్స్‌లా కాకుండా పెద్ద సైజు మేగజీన్లుగా నలుపు తెలుపుల్లో వచ్చేవి, అందువల్ల కోడ్ వాటికి వర్తించలేదు. 'క్రీపీ' 1964లో మొదలైంది. పదో సంచికలో ఆర్చీ గుడ్విన్ రాసి స్టీవ్ డిట్కో గీసిన 'కలెక్టర్స్ ఎడిషన్' ఉంది. ఒక నిషిద్ధ గ్రంథం కోసం ఎంతకైనా తెగించే సేకర్త కథ. రేటు గురించి ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ ముందు అదే చదవమని చెప్పాను. 1971లో కోడ్ సడలి రక్తపిశాచులకి అనుమతి వచ్చాక మార్వెల్ కంపెనీ 'టూంబ్ ఆఫ్ డ్రాక్యులా' తెచ్చింది. 1972 నుంచి 1979 దాకా 70 సంచికలు, అన్నిటికీ బొమ్మలు జీన్ కోలన్‌వే. ఆయన గీసిన పొగమంచు, నీడలు చూస్తే పెన్సిల్ పట్టుకున్నవాళ్లకి చెయ్యి ఊరుకోదు.

వీటిలో దేనికీ పాత ప్రతి అక్కర్లేదు. డార్క్ హార్స్ వాళ్లు ఈసీ, క్రీపీ రెండూ సంపుటాలుగా వేశారు. ఫాంటాగ్రాఫిక్స్ వాళ్లు ఈసీ కథల్ని ఒక్కో ఆర్టిస్టుకి ఒక్కో పుస్తకంగా నలుపు తెలుపుల్లో తెచ్చారు. నా ఓటు వీటికే. డార్క్ హార్స్ ఈసీ సంపుటాల్లో కొత్తగా వేసిన కంప్యూటర్ రంగుల కింద ఇంగెల్స్ గీత ఊపిరాడక చస్తుంది.

ఇవన్నీ చదివాక కూడా అసలు ప్రతి కావాలనిపిస్తే కొనండి, జాగ్రత్తగా కొనండి. ఈసీ అసలు సంచిక మీద ధర పది సెంట్లు ఉంటుంది. 1970ల్లో, 1990ల్లో అవే అట్టలతో మళ్లీ వేశారు కాబట్టి లోపల చిన్న అక్షరాల్లో ఉండే ప్రచురణ వివరాలు ఫొటో తీసి పంపమనండి. 1974, 75 నాటి మార్వెల్ అయితే ఉత్తరాల పేజీలో మార్వెల్ వాల్యూ స్టాంపు (పాఠకులు కత్తిరించి దాచుకోవడానికి వేసిన చిన్న బొమ్మ) కత్తిరించారేమో అడగండి. ప్రతి ఎంత బాగుందో చూసి గ్రేడు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసినవి నేను కొనను. పేజీ తిప్పలేని పుస్తకం నాకెందుకు?

విశాఖలో ఇంకో పెద్ద శత్రువు ఉప్పుగాలి. ఇక్కడ ముందు పాడయ్యేది పిన్ను. తుప్పు పట్టి మధ్య పేజీలకి గోధుమ రంగు మరక అంటుతుంది. పీవీసీ కవర్లు వద్దు, పాలియెస్టర్ కవరు, ఆమ్లం లేని అట్ట వాడండి. సిలికా జెల్ పొట్లాలు వేసి తరచూ మారుస్తుండండి. బీరువాని సముద్రం వైపు గోడకి ఆనించకండి. లామినేషన్, సెల్లోటేపు జోలికే పోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి మా కిటికీ రెక్కలు ఎగిరిపోయి కామిక్స్ పెట్టె తడిసింది. న్యూస్‌ప్రింట్ పేజీల మధ్య బ్లాటింగ్ పేపర్ పెట్టి ఫ్యాను కింద ఆరబెడితే బతికాయి. నున్నటి అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయి మళ్లీ విడలేదు.

మీ పత్రిక ద్వారా మన నగర గ్రంథాలయాలకి ఒక విన్నపం. ఒక సేకర్త ఒక్క అసలు సంచికకి పెట్టే డబ్బుతో ఈ పునర్ముద్రణలు ఒక అర నిండా వస్తాయి. క్రెయిగ్, ఇంగెల్స్, క్రిగ్‌స్టీన్ పుస్తకాలు తలా ఒకటి, క్రీపీ తొలి సంపుటాలు, టూంబ్ ఆఫ్ డ్రాక్యులా తెప్పించి పెద్దల విభాగంలో పెట్టండి. కిటారోని పిల్లల విభాగంలో ఉంచండి. స్కెచ్ పుస్తకం తెచ్చుకుని అక్కడే కూర్చుని చూసి గీసుకుంటామంటే పిల్లల్ని దయచేసి ఆపకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ టీచర్,
మహారాణిపేట, విశాఖపట్నం