ఆ టేపును నిలబెట్టింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు

సంపాదకులకు నమస్కారం.

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ‘విష్ యు వర్ హియర్’ ఆల్బంకు 50 ఏళ్లు నిండిన సందర్భంగా వచ్చిన సెట్ మీద మీ ఆదివారం అనుబంధంలో రాసిన వ్యాసం బాగుంది. ప్రేక్షకుల్లో కూర్చుని ఒకాయన దొంగచాటుగా తీసిన కచేరీ టేపును బ్యాండే తన పేరుతో విడుదల చేయడం చిన్న విషయం కాదు. అయితే ఘనతంతా నేటి సాఫ్ట్‌వేర్‌దే అన్నట్టు రాయడంతో మాత్రం పేచీ ఉంది. అది నమ్మి ఇంట్లో క్యాసెట్లున్నవాళ్లు ఏదో ఒక ప్లేయర్లో వేసేసి, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుందిలే అనుకుంటే చేజేతులా పాడుచేసుకున్నట్టే.

1975 ఏప్రిల్ 26న లాస్ ఏంజలెస్ స్పోర్ట్స్ అరీనాకు ఆ టేపు తీసిన మైక్ మిలార్డ్ తీసుకెళ్లినవి ఏకేజీ 451 కండెన్సర్ మైకులు, నాకమిచి 550 క్యాసెట్ రికార్డరు. అంత బరువైన పెట్టెను గేటు దాటించడానికి వీల్‌చైర్ ఎక్కేవాడని చెబుతారు. ఆ కాలంలో దొంగచాటుగా టేపు చేసినవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది మైకు లోపలే బిగించిన మోనో రికార్డరు. దానిలో శబ్దం హెచ్చుతగ్గులను యంత్రమే సర్దుతుంది. డ్రమ్ము గట్టిగా పడితే పాట మొత్తాన్ని అణిచేస్తుంది, వాద్యాలు నెమ్మదించగానే పక్కవాడి దగ్గును పైకి లేపుతుంది. ఒకే పాటలో వినీ వినపడని చోట్లూ హోరెత్తే చోట్లూ ఉండే ప్రోగ్రెసివ్ రాక్‌కు ఇంతకన్నా శత్రువు లేదు. ఆ అణచివేత టేపు మీద పడ్డాక ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా విప్పలేదు. మిలార్డ్ మీటర్లు చూసుకుంటూ లెవెల్ చేత్తో పెట్టుకున్నాడు కాబట్టే ఈ సెట్ కోసం టేపును సవరించిన స్టీవెన్ విల్సన్‌కు బాగుచేయడానికి అందులో సరుకు మిగిలింది.

ఆ సరుకు విలువ కూడా చెప్పాలి. ఆల్బం వచ్చింది ఆ ఏడాది సెప్టెంబర్లో. దానిలోని కొన్ని పాటలు నాలుగున్నర నెలల ముందే ఈ టేపులో ఉన్నాయి. 1977లో ‘యానిమల్స్’ ఆల్బంలో ‘షీప్’, ‘డాగ్స్’గా తేలిన రెండు పాటలు ఇక్కడ వేరే పేర్లతో, పచ్చిగా వినిపిస్తాయి. ప్రేక్షకులు టేపు చేయడాన్ని కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ ఎంతగా ఈసడించుకున్నా, ఆ బ్యాండ్ 1969 హైడ్ పార్క్ కచేరీని బయటికి తెచ్చింది ప్రేక్షకుల టేపు నుంచే!

ఇక పని సంగతి. మన కోస్తా తేమకు క్యాసెట్లు బూజు పడతాయి. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్ల మచ్చలు కనిపిస్తాయి. అలాంటిదాన్ని శుభ్రం చేయకుండా డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్లో) పెడితే బూజు హెడ్‌కు, అంటే టేపును చదివే భాగానికి, అంటుకుని తర్వాతి క్యాసెట్‌కూ పాకుతుంది. టేపును హెడ్‌కు ఒత్తిపట్టే చిన్న మెత్త ఊడిపోయి ఉంటే, మరలతో విప్పే కొత్త డబ్బాలోకి చుట్టలు మార్చాలి. రీలు టేపులను ఓవెన్‌లో వేడి చేస్తారని విని క్యాసెట్లను వేడి చేయకండి. ఆ వైద్యం జిగురు విడిచే కొన్ని పాత రీళ్లకే. ఇక్కడ డబ్బా వంకర్లు పోవడమే మిగులుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మంది వదిలేసేది హెడ్ వాలు. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది కాబట్టి 10,000 హెర్ట్జ్ స్వరం టేపు మీద ఆక్రమించే పొడవు 5 మైక్రాన్లు కూడా ఉండదు. రికార్డు చేసిన యంత్రంలోని హెడ్‌కూ వినిపించే హెడ్‌కూ వాలులో వెంట్రుకవాసి తేడా ఉన్నా తాళాల మోత మసకబారుతుంది. ఎడమ, కుడి చానళ్లను మోనోగా కలిపి వింటూ, హెడ్ పక్కన ఉండే మరను సన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పాలి. పైస్థాయి శబ్దం ఎక్కడ బాగా విచ్చుకుంటే అక్కడ ఆపాలి. క్యాసెట్ మారినప్పుడల్లా, పక్క తిప్పినప్పుడు కూడా, ఇది మళ్లీ చేయాలి. టేపు బుసను తగ్గించే డాల్బీ పద్ధతి సంగతి దీని తర్వాతే. హెడ్ సరిగా లేకపోతే డాల్బీ తప్పుడు లెక్క వేసి మసకను రెట్టింపు చేస్తుంది. డాల్బీతో రికార్డు చేశారో లేదో తేలకపోతే ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి ఎక్కించుకోవడం మేలు.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో 90 నిమిషాల స్టీరియో క్యాసెట్‌కు సుమారు 3 గిగాబైట్లు పడుతుంది. ఎంత గట్టి చోటైనా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి.

తర్వాత వేగం. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీ నీరసించి మోటారు మందగిస్తే, వినేటప్పుడు పాట పరుగెత్తుతుంది, శ్రుతి పెరుగుతుంది. 3 శాతం తేడా అంటే దాదాపు పావు స్వరం. సరిచేయడానికి ఆధారం కరెంటు గీ, అంటే కరెంటు సరఫరా వల్ల రికార్డులో చేరే సన్నని మోత. అమెరికాలో 60, బ్రిటన్‌లో 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. గీ దొరకకపోతే హామండ్ ఆర్గన్‌ను పట్టుకోండి, దాని మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీతోనే తిరుగుతుంది కాబట్టి శ్రుతి తప్పదు. అప్పటి సింథసైజర్లను మాత్రం నమ్మొద్దు, వేదిక వేడికే శ్రుతి జారిపోయేవి.

సి-90 క్యాసెట్ పక్కకు 45 నిమిషాలు. ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బంలోనే 43 నిమిషాలు, వేదిక మీద ఇంకా సాగేది. అందుకే ఆ టేపుల్లో చాలాచోట్ల పాట మధ్యలో తెగుతుంది. మరో శ్రోత టేపుతో ఆ ఖాళీ పూడ్చవచ్చు గానీ ముందు రెండిటి వేగం కలపాలి. వెయ్యికి ఒక వంతు తేడా ఉన్నా 45 నిమిషాలకు 2.7 సెకన్లు దూరమవుతాయి.

బుసబుస తీసే మీట చివర్లో, అదీ పొదుపుగా. అతి చేస్తే చప్పట్లు నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తాయి, తాళం మోగి ఆరిపోయే తోక తెగిపోతుంది. ఏం చేసినా నకలు మీదే చేయండి, మూల ఫైలు ముట్టొద్దు. నాణ్యత తగ్గించిన ఎంపీ3ని, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలుగా మార్చి మూలమని పంచేవాళ్లూ ఉన్నారు. స్పెక్ట్రంలో (శబ్దంలోని ఫ్రీక్వెన్సీల చిత్రంలో) 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టుంటే అనుమానించాల్సిందే.

ఇంట్లో హరికథల క్యాసెట్లు, గుడి ఉత్సవాల్లో తీసిన కచేరీలు ఉన్నవాళ్లకూ ఇదే పద్ధతి. ఫైలుతో పాటు కచేరీ తేదీ, ఊరు, మూలం నుంచి ఎన్నవ నకలు, ఏ డెక్, డాల్బీ ఉందా లేదా, వేగం ఎంత శాతం మార్చారు అన్నవి ఒక కాగితం మీదా రాసి క్యాసెట్ డబ్బాలో పెట్టండి.

– పాత టేపులను డిజిటల్‌లోకి మార్చే పనిలో ఉన్న పాఠకుడు, విశాఖపట్నం