బాలింతల మానసిక ఆరోగ్యం గురించి వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

ఆసుపత్రిలో ప్రసవమై తల్లీబిడ్డలు ఇంటికి చేరాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త వచ్చి బిడ్డ బరువు తూస్తుంది, ఒంటి వేడి చూస్తుంది, పాలు సరిపోతున్నాయా అని అడుగుతుంది. ఏఎన్ఎంగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను ఈ పద్ధతి ఎందరు పసివాళ్లను నిలబెట్టిందో దగ్గరగా చూశాను. తల్లి పొంతన లేకుండా మాట్లాడుతోందా అన్న ప్రశ్న కూడా ఆశా కార్యకర్త నింపే ఫారంలో ఉంది. కానీ పొంతనగానే మాట్లాడుతూ, పిలిస్తే పలుకుతూ, లోలోపల కుంగిపోతున్న తల్లిని ఆ ప్రశ్న పట్టుకోలేదు. ఆమె మనసు ఎలా ఉందో కూడా అడగడం విధిగా చేయమని కోరడానికే ఈ లేఖ.

మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి పరిశీలించి, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన విశ్లేషణ ప్రకారం, ప్రసవానంతర కుంగుబాటు సుమారు 22 శాతం తల్లుల్లో ఉంది. మన ఇళ్లలో ఇది నడుము నొప్పిగా, తలపోటుగా, గుండె దడగా, బిడ్డ పడుకున్నా తనకు కన్ను మూతపడకపోవడంగా బయటపడుతుంది. పథ్యం తప్పిందనో, గాలి సోకిందనో పెద్దవాళ్లు సరిపెట్టుకుంటారు. ఆడపిల్ల పుట్టిందని మొహం తిప్పుకున్న ఇంట్లో, భర్త చేయి చేసుకునే ఇంట్లో ఈ బాధ ఎక్కువ. ఆ ఇంట్లోనే తల్లి నోరు విప్పడం అన్నిటికన్నా కష్టం.

బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడం, చూస్తే నవ్వడం, ఊ కొడితే ఊ కొట్టడం, ఇలా రోజంతా జరిగే చిన్న చిన్న స్పందనల నుంచే తల్లీబిడ్డల అనుబంధం అల్లుకుంటుంది. కుంగుబాటులో ఉన్న తల్లి ప్రేమ లేక కాదు, శక్తి లేక వాటికి దూరమవుతుంది. పైగా తాను చెడ్డ తల్లినని తనను తానే నిందించుకుంటుంది. చికిత్స అందితే, అమ్మమ్మో నాయనమ్మో తండ్రో బిడ్డకు తోడుగా నిలిస్తే ఆ అనుబంధం మళ్లీ కుదురుకుంటుందని, వైద్యుల సలహాతో పాలిచ్చే తల్లులు కూడా వాడదగిన మందులు ఉన్నాయని ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి.

మంత్రి గారూ, మరొక చిక్కు మన ఆచారంలోనే ఉంది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తింటికి వెళుతుంది. ఊరు మారుతుంది, ఆశా కార్యకర్త మారుతుంది, తన తల్లి దగ్గర ఏడ్వగలిగిన పిల్ల ఇక ఏడ్వలేదు. ఇక్కడ గమనించిన విషయం అక్కడి ఏఎన్ఎంకు చేరాలి. అయితే దాన్ని తల్లీబిడ్డల కార్డులో రాయకండి. ఆ కార్డును ఇంట్లో అందరూ చదువుతారు. తల్లి అనుమతితో ఒక ఏఎన్ఎం మరొక ఏఎన్ఎంకు నేరుగా అప్పగించే ఏర్పాటు కావాలి.

అడగడానికి సాధనం కొత్తగా వెతకనక్కరలేదు. బాలింతల కుంగుబాటును గుర్తించడానికి 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే; చివరిది తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి అవునని చెప్పిన తల్లిని ఎక్కడికి పంపాలో ముందే తేల్చకుండా ప్రశ్న మొదలుపెట్టడం అన్యాయం. కాబట్టి ముందు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్నీ జిల్లా మానసిక ఆరోగ్య బృందంతో కలపండి, ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలిమానస్ 14416 నంబరును ప్రతి బాలింతకూ చెప్పించండి, ఆ తర్వాతే ప్రశ్నావళి ఇవ్వండి. ఆశా కార్యకర్తల మీద ఇప్పటికే రిజిస్టర్ల భారం ఉంది. ఈ పనికి శిక్షణతో పాటు పారితోషికం కూడా విడిగా ఇవ్వాలి.

వెయ్యి ప్రసవాల్లో ఒకరిద్దరికి తీవ్రమైన మతిభ్రమణం వస్తుంది. అది అత్యవసర స్థితి, ఆసుపత్రిలో చేర్చక తప్పదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి సాధారణంగా వేరు చేయకూడదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి ఉంచే విభాగం నడుస్తోంది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోనూ, వరంగల్ ఎంజీఎంలోనూ అలాంటి చికిత్సకు చాలినన్ని పడకలు ఉండేలా చూడాలని, రాబోయే బడ్జెట్‌లో ఇందుకు విడిగా నిధులు చూపాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం