చలికాలం డిగ్రీల పక్కన గ్లౌజుల మాట కూడా వేయండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. చలి ముదిరిందంటే చాలు, మీ పేపర్లో లంబసింగి ఇంత, అరకు ఇంత, అటు తెలంగాణలో సిర్పూర్(యు) ఇంత అని రోజూ డిగ్రీలు వేస్తారు. పక్కనే జాగ్రత్తలు కూడా రాస్తారు. స్వెటర్లు వేసుకోమని, మంకీ క్యాప్ పెట్టుకోమని, వేడివేడిగా తినమని, తెల్లవారుజామున పిల్లల్ని, పెద్దవాళ్లని బయటికి పంపొద్దని. అన్నీ కావలసిన మాటలే. కానీ ఆ వేళలో బయటికి వెళ్లక తప్పనివాళ్లు ఉన్నారు. పాలు పోసేవాళ్లు, కూరగాయలు దింపేవాళ్లు, ఆశా కార్యకర్తలు, మాలాంటి టీచర్లు, వీళ్లంతా పోయేది టూవీలర్ మీదే, మరి హ్యాండిల్ పట్టుకునే చేతులకు ఏం వేసుకోవాలో మాత్రం ఒక్క ముక్క ఉండదు. అది కూడా రాయమని అడగడానికే ఈ ఉత్తరం. నాకు తెలిసినంతవరకు ఆ సంగతులేవో నేనే కింద పెడుతున్నాను.

ముందు డిగ్రీల సంగతి. మీరు వేసే అంకె నీడన పెట్టిన థర్మామీటర్ చెప్పేది, బండి మీద పోయేవాళ్లకు తగిలే చలి అది కాదు. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం చూస్తే, 10 డిగ్రీలున్న రోజు గంటకు 50 కిలోమీటర్ల గాలి కొడితే ఉత్త చర్మానికి అది 5, 6 డిగ్రీల చలితో సమానం. 5 డిగ్రీలున్న రోజైతే సున్నా కిందికి పోతుంది. ఆ గాలి ఎక్కడి నుంచో వీయక్కర్లేదు, 50లో పోతున్న బండే దాన్ని పుట్టిస్తుంది. ఒంటికి జాకెట్ ఉంటుంది, తలకు హెల్మెట్ ఉంటుంది, అందరికంటే ముందు ఆ గాలికి ఎదురు నిలబడేవి చేతులే.

చలేస్తే శరీరం ముందు గుండె, ఊపిరితిత్తుల దగ్గర వేడి కాపాడుకుంటుంది, అందుకోసం వేళ్లకు పోయే రక్తాన్ని తగ్గించేస్తుంది. వేళ్ల చర్మం 15 డిగ్రీల దగ్గరికి చల్లబడితే వేళ్లు మన మాట వినడం మానేస్తాయి, ఇంకా దిగితే ముట్టుకున్నదీ తెలియదు. మోటార్‌సైకిల్‌కి వెనక బ్రేకు కాలితో వేస్తాం కాబట్టి కాస్త నయం, స్కూటర్‌కి రెండు బ్రేకులూ చేతిలోనే ఉన్నాయి కదా! ఆశా కార్యకర్తలు, మా బడి మేడమ్‌లు ఎక్కువమంది నడిపేది స్కూటర్లే. 50 వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. పొగమంచులో మలుపు తిరిగేసరికి రోడ్డు మీద ఆవు పడుకుని ఉందనుకోండి, కొంకర్లు పోయిన వేళ్లు ముడుచుకోవడానికి ఒక్క సెకను ఆలస్యమైతే ఆ 14 మీటర్లూ పోయినట్టే. అందుకే గ్లౌజుల్ని సుఖం కోసం కొనే వస్తువుగా చూడొద్దంటాను, బ్రేకు షూలు మార్పించినట్టే వీటికీ ఖర్చు పెట్టాలి.

ఇక ఏవి కొనాలి అన్నది. అందరూ చేసేది మందంగా, మెత్తగా ఉన్నవి చూసి కొనడం. రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్మే ఊలు గ్లౌజులు చేత్తో పట్టుకుంటే వెచ్చగానే ఉంటాయి, నడిచేవాళ్లకి అవి చాలు. బండి మీద మాత్రం అల్లిక సందుల్లోంచి గాలి దూరి లోపలి వెచ్చదనాన్ని ఎత్తుకుపోతుంది. కొనే ముందు ఒక పని చేయండి, గ్లౌజు వీపు భాగాన్ని నోటికి ఆనించి గట్టిగా ఊదండి, రెండో వైపు లోపల పెట్టిన వేలికి ఊపిరి తగిలిందంటే అది బండికి పనికిరాదు. విశాఖలో కుర్రాళ్లు వేసుకునే జాలీ గ్లౌజులు, అదే పిడికిలి మీద గట్టి ప్లాస్టిక్ ఉండేవి, వాటికీ ఇదే వర్తిస్తుంది. అవి ఎండాకాలం చెమట పట్టకుండా చేసినవి, పడితే చేతిని కాపాడతాయి గానీ చలికి అడ్డం కావు. లంబసింగి, వంజంగి మేఘాలు చూడ్డానికి అర్ధరాత్రి బయల్దేరి వచ్చే పిల్లల్లో ఎంతమంది వాటితోనే ఘాట్ ఎక్కుతుంటారో, పైకి వచ్చేసరికి హెల్మెట్ బకిల్ తీసుకోవడానికి కూడా పక్కవాడి సాయం కావాలి.

మంచి చలి గ్లౌజులో మూడు పొరలుంటాయి. పైన తోలు గానీ గట్టి నైలాన్ గానీ, మధ్యలో గాలినీ నీటినీ ఆపే పల్చటి పొర, లోపల వేడి నిలిపే దూది లాంటి పొర, దానికి మెత్తటి అస్తరు. గోర్‌టెక్స్, హైపోరా అని రాసి ఉంటే అది మధ్య పొర పేరు, థిన్సులేట్ అని ఉంటే అది లోపలి పొర. యూరప్ ప్రమాణం ఈఎన్ 13594 అన్న లేబుల్, దాని పక్కన 1 లేదా 2 ఉంటే పడినప్పటి రక్షణ కూడా పరీక్షించారని అర్థం, 2 అంటే ఎక్కువ రక్షణ. మణికట్టు దగ్గర చూడండి, అక్కడితో ఆగిపోయే పొట్టి గ్లౌజు ఎంత ఖరీదైనదైనా చొక్కా చేతికీ దానికీ మధ్య సందులోంచి గాలి మోచేతి దాకా పాకుతుంది. జాకెట్ చేతిని మూసేంత పొడుగు, బిగించుకోవడానికి పట్టీ, ఈ రెండూ ఉండాలి.

సైజు దగ్గరే ఎక్కువమందికి దెబ్బ తగులుతుంది. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ, వేళ్ల మొదళ్ల దగ్గర టేపుతో కొలవండి, 8 అంగుళాలొస్తే మామూలుగా 8 సైజు. అయితే కొలతతో ఆగొద్దు. వేసుకుని షాపు బయటికొచ్చి మీ బండి మీద కూర్చోండి. హ్యాండిల్ పట్టుకుని రెండు వేళ్లతో బ్రేకు లాగండి, క్లచ్ పూర్తిగా నొక్కి వదలండి, ఇండికేటర్ వేసి తీయండి, హారన్ కొట్టండి. పిడికిలి బిగించినప్పుడు వేళ్ల చివర గోరుకి కుట్టు ఒత్తుకుంటే అది చిన్నది, గంట ప్రయాణంలో రక్తం ఆడక ఇంకా తొందరగా చల్లబడతాయి. వేళ్ల చివర ఖాళీ తొక్కు వేలాడుతుంటే అది పెద్దది, లివర్‌కీ హ్యాండిల్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. మందం గ్లౌజుతో లివర్ అందడం లేదంటే మెకానిక్ చేత దాన్ని సర్దించుకోవడం వీలవుతుందేమో అడగండి.

ఆడవాళ్ల చేతులకు సరిపోయే సైజులు మా వైపు షాపుల్లో దొరకవు. ఎం నుంచి మొదలవుతాయి, ఎస్ అడిగితే తెప్పిస్తామంటారు, తెప్పించరు. స్కూటర్ నడిపే వాళ్లలో ఎంతమంది ఆడవాళ్లున్నారో షాపు ముందు రోడ్డు మీదకి చూస్తే తెలుస్తుంది. షాపుల వాళ్లు ఈ సీజన్‌కైనా చిన్న సైజులు పెట్టండి, మా వాళ్లు కొంటారు.

డబ్బు పెట్టలేని వాళ్ల సంగతి కూడా రాయాలి, ఎందుకంటే తెల్లవారుజామున రోడ్డెక్కేది ఎక్కువగా వాళ్లే. ఊలు గ్లౌజులు ఉంటే పారేయక్కర్లేదు, వాటి మీద గాలి దూరని వదులైన రెయిన్ గ్లౌజు వేసుకుంటే ఆ జత బాగానే పనిచేస్తుంది. గాలిని ఆపేది బయట, ఊలు లోపల, ఇది గుర్తుంచుకుంటే చాలు. ప్లాస్టిక్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండు వేసేవాళ్లను చూస్తుంటాను, వెచ్చగానే ఉంటుంది కానీ మంచుకు తడిసిన కవర్ లివర్ మీద జారుతుంది, దయచేసి ఆ పని చేయకండి. వెల్డింగ్ వాళ్ల తోలు గ్లౌజులు గాలిని ఆపుతాయి గానీ బిరుసు, బ్రేకు ఎంత పడిందో వేలికి తెలియదు. హ్యాండిల్‌కి తొడిగే కవర్లు చవక, బాగా పనిచేస్తాయి కూడా, అయితే చెయ్యి లోపలికి, బయటికి ఒక్క ఊపులో రావాలి, వదులుగా ఉన్న కవర్ గాలికి లివర్‌ని నొక్కేయకుండా చూసుకోవాలి. కరెంటుతో వేడెక్కే గ్రిప్‌లు పెద్ద బళ్లకు సరే, 100, 125 సీసీ బళ్లకు అవి హెడ్‌లైట్ బల్బంత కరెంటు లాగుతాయి, మెకానిక్‌ని అడగకుండా బిగించొద్దు.

పొగమంచు రోజుల్లో గ్లౌజు పైపొర తడుస్తుంది. తడి గ్లౌజుని సైలెన్సర్ మీదో పొయ్యి దగ్గరో ఆరబెడితే తోలు బిరుసెక్కి మధ్య పొర పాడవుతుంది, నీడలో గాలికి ఆరాలి. తీసేటప్పుడు వేళ్లు ఒక్కొక్కటే లాగి తీయాలి, ఒకేసారి గుంజితే అస్తరు తిరగబడి బయటికొస్తుంది, మళ్లీ సరిగ్గా పెట్టడం చచ్చేంత పని.

ఛాతీకి చలి తగిలినా చేతులు చల్లబడతాయి, కాబట్టి గాలి దూరని జాకెట్, మెడకు మఫ్లర్ లేకుండా గ్లౌజులకే డబ్బు పోయడం దండగ. షుగర్ ఉన్నవాళ్లకు నాది ప్రత్యేకమైన మనవి. వేళ్లకు ముందే స్పర్శ తక్కువ ఉండొచ్చు, చలికి అది ఇంకా పోతుంది. టీ కొట్టు దగ్గర బండి ఆపి ఇంజిన్ మీదో నెగడు దగ్గరో చేతులు కాచుకుంటారు, కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది. చేతులు చంకల్లో పెట్టుకోండి, లేదా గోరువెచ్చని నీళ్లలో ముంచండి, అదే మంచిది. వేళ్లు తెల్లగా పాలిపోయి తిరిగి రంగు రావడానికి చాలాసేపు పడుతుంటే డాక్టర్‌కి చూపించుకోవాలి.

సార్, డైరీలకు, పార్సిల్ కంపెనీలకు మీ పేపర్ ద్వారా నేను అడిగేది ఒకటే. కుర్రాళ్లకు పేరు రాసిన టీషర్టు, బ్యాగు ఇస్తున్నారు, చలి ప్రాంతాల్లో దానితోపాటు సరైన సైజు గ్లౌజు జత కూడా ఇవ్వండి. మీకూ ఒక మాట, తెల్లారకముందే పేపర్ కట్టలు బండికి కట్టుకుని పాడేరు, చింతపల్లి, ఆసిఫాబాద్ వీధుల్లో తిరిగే పిల్లలు మీవాళ్లే. ఈ డిసెంబరు రాకముందే వాళ్లకు గ్లౌజులు అందేలా మీ ఏజెంట్లతో మాట్లాడండి, పిల్లల చేతులు కొలిపించి మరీ తెప్పించండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ప్రభుత్వ ఉపాధ్యాయుడు,
నర్సీపట్నం