పీసాలో విరిగిన చీలమండ, పెరంబూరులో అతికింది: కృతజ్ఞతలు

చెన్నైలోని పెరంబూరు, విల్లివాక్కం, అయనావరం ప్రాంతాల తెలుగు మిత్రులకు, ఐసీఎఫ్ రైలుపెట్టెల కర్మాగారంలో నాతో కలిసి పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న సహోద్యోగులకు నమస్కారం. 2024 సెప్టెంబరు నుంచి 2025 సంక్రాంతి వరకు నా కుడికాలి పుణ్యమా అని ఎంతమందిని ఇబ్బంది పెట్టానో లెక్క లేదు. ఇంటికి వెళ్లి చెప్పబోతే కొందరు మాట పూర్తి చేయనివ్వలేదు, అందుకే నలుగురూ చూసేలా రాస్తున్నాను. ఇందులో కృతజ్ఞతలతో పాటు ఒక క్షమాపణ కూడా ఉంది. తమ పేర్లు రాయవద్దని చాలామంది కోరినందువల్ల ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరి గురించి చెబుతున్నానో వారికి తెలుస్తుంది.

ముప్ఫై నాలుగేళ్లు ఐసీఎఫ్ షెల్ డివిజన్‌లో రైలుపెట్టెల ఉక్కు చట్రాల మధ్య గడిపిన నాకు ఇటలీ మీద మోజు అక్కడి కట్టడాల వల్లనే కలిగింది. మా అబ్బాయి చెన్నై నుంచి వెళ్లే ఒక యాత్రా బృందంలో మా దంపతుల పేర్లు రాయించగా, 2024 సెప్టెంబరు 12న బయలుదేరాం. వెనిస్‌లో వంతెనలు ఎక్కి దిగాక, ఫ్లారెన్స్‌లో ప్రధాన చర్చి గుమ్మటం మీదికి 463 మెట్లు ఎక్కాను. నేల మీద నుంచి ఆధారపు చట్రం నిలబెట్టకుండానే బ్రూనెల్లెస్కీ రెండు పొరలుగా లేపిన ఆ గుమ్మటం 1436లో పూర్తయింది. ఆ రెండు పొరల నడుమ ఇరుకు సందులోనే మెట్లుంటాయి. ఇటుకలను తడుముకుంటూ ఎక్కి దిగి, అరవై ఆరేళ్ల వయసులో ఇది సామాన్యమా అని ఆ రాత్రి భోజనాల దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను. మర్నాడు పీసాలో చదును నేల మీద పడ్డాను.

ఒరిగిన గోపురాన్ని అరచేత్తో ఆపుతున్నట్టు అక్కడ అందరూ ఫొటో తీయించుకుంటారు. నా భార్య చేయి చాచి నిలబడింది. గోపురం సరిగ్గా ఆమె చేతికి ఆనేలా చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి, పచ్చిక అంచున ఉన్న రాతిగట్టు మీద నుంచి జారాను. పాదం మెలిపడి, ఎండుకొమ్మ విరిచిన చప్పుడు నాకే వినిపించింది. ఆ గోపురాన్ని 1990లో మూసివేసి, ఉత్తరం వైపు పునాది కింద నుంచి కొద్దికొద్దిగా మట్టి తోడి, ఒరుగు తగ్గించి, 2001లో గాని మళ్లీ జనాన్ని ఎక్కనివ్వలేదని అంతకు అయిదు నిమిషాల ముందే ఆమెకు వివరిస్తూ ఉన్నాను.

మొదట పరుగెత్తుకొచ్చింది అక్కడ గొడుగులు, గోపురం బొమ్మలు అమ్ముకునే ఒక బంగ్లాదేశ్ కుర్రవాడు. తాను కూర్చునే మడత స్టూలును నా కాలి కింద పెట్టి, పక్క దుకాణం నుంచి సంచిలో ఐసు ముక్కలు తెచ్చి, 112కు ఫోను చేసి అక్కడి భాషలో దారి చెప్పాడు. అంబులెన్సు వచ్చేదాకా తన సరుకు వైపు చూడకుండా, అమ్మకానికి పెట్టిన గొడుగు ఒకటి విప్పి నా ముఖానికి ఎండ తగలకుండా పట్టుకుని నిలబడ్డాడు. నా భార్య డబ్బు ఇవ్వబోతే "చాచాను చూసుకోండి" అని హిందీలో అని ఆమె చేతిని వెనక్కి నెట్టాడు. ఈ రాత అతనికి చేరదు. అయినా మొదటి నమస్కారం అతనికే.

అక్కడి ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రేలో చీలమండకు రెండు వైపులా ఉండే ఎముకలు రెండూ విరిగాయని, కీలు పక్కకు తొలిగిందని తేలింది. మత్తు ఇచ్చి కీలును సరిచేసి, వాపుకు చోటుండేలా వెనకవైపు మాత్రమే సగం కట్టు వేశారు. వాపు తగ్గితే గాని ఆపరేషన్ కుదరదన్నారు. అన్నాళ్లు భాష తెలియని ఊళ్లో ఉండలేక ఇంటికే రావాలని నిర్ణయించుకున్నాం. విరిగిన కాలితో విమానంలో గంటల తరబడి కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి పొట్ట మీద ఇంజెక్షన్ ఎలా వేయాలో ఒక నర్సు నా భార్యకు సైగలతోనే నేర్పింది. బృందంలోని అణ్ణానగర్ దంపతులు మిగతావారితో రోమ్ వెళ్లకుండా మాతో ఆగిపోయారు. వారు కొలోసియం చూడకుండానే తిరిగి వచ్చారన్న సంగతి నాకు ఇంటికి వచ్చాక ఇంకొకరి ద్వారా తెలిసింది.

షెన్‌గెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి గనుక మాకూ ఉంది. ఆసుపత్రి ఖర్చుకు ఇబ్బంది రాలేదు గాని, కాలు చాచుకునే సీటు మంజూరు చేయడానికి ఆ కంపెనీవారు ఒకే వైద్య పత్రాన్ని మూడు రోజుల్లో నాలుగుసార్లు అడిగారు. ఆ కోపం నాకింకా తీరలేదు. రాత్రంతా మేలుకుని వారితో మాట్లాడింది మా అబ్బాయి. సెప్టెంబరు 22న మీనంబాక్కం విమానాశ్రయంలో దిగాక చక్రాల కుర్చీ తోసిన సూళ్లూరుపేట కుర్రవాడు, "పెద్దాయనా, కాలు కిందికి వేలాడేయకండి" అని తెలుగులో అన్నప్పుడు మాత్రం ఇల్లు చేరినట్టే అనిపించింది.

పెరంబూరు రైల్వే ఆసుపత్రి ఎముకల విభాగం వైద్యులు, నర్సులు, వార్డు సిబ్బంది అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వెంటనే ఆపరేషన్ చేసేస్తారనుకున్నాను. డాక్టరు గారు మాత్రం చర్మాన్ని వేలితో నొక్కి చూసి, ఉబ్బిన చర్మం మీద కోస్తే గాయం మానదని, వాపు దిగి చర్మం మీద సన్నటి ముడతలు కనబడినప్పుడు రమ్మని, కాలిని గుండెకన్న ఎత్తులో ఉంచమని చెప్పి ఇంటికి పంపారు. అక్టోబరు 1న ఆపరేషన్ జరిగింది. వెన్నుకు మత్తు ఇచ్చారు గనుక నాకు మెలకువగానే ఉంది. తెర అవతల డ్రిల్లు తిరిగే శబ్దం ముప్ఫై నాలుగేళ్లు విన్నదే. ఉండబట్టలేక "ఎన్ని స్క్రూలు సార్?" అని అడిగాను. బయటి ఎముకకు ఒక ప్లేటు, ఏడు స్క్రూలు, లోపలి ఎముకకు రెండు స్క్రూలు అని చెప్పి, "మీ షాపులోలాగా గట్టిగా బిగించకూడదు, ఇక్కడ మర ఊడితే ఎముక మార్చలేం" అన్నారు ఆ చిన్న డాక్టరు గారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మాది నాలుగిళ్ల భవనంలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఆరు వారాలు పాదం నేల మీద మోపకూడదన్నారు. కింది ఇంటి తమిళ కుటుంబంతో మాకు రెండేళ్లుగా మాటలు లేవు. పైతొట్టిలో నీళ్లు పొద్దుటికల్లా తగ్గిపోతున్నాయని, వారు రాత్రిపూట తోటకు వాడేస్తున్నారని అనుమానించి, మోటారు స్విచ్చు పెట్టెకు తాళం వేసింది నేనే. భవనం లెక్కల పుస్తకంలో ఆ ఇంటి అమ్మగారి గురించి, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుపడే వాక్యం ఒకటి రాసింది కూడా నేనే. విమానాశ్రయం నుంచి వచ్చిన రోజున నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోయడానికి నలుగురు కుర్రాళ్లు సిద్ధమవుతుండగా, ఆవిడ తలుపు తీసి, తమ ముందుగది ఖాళీ చేయించానని, మెట్లు ఎక్కించవద్దని చెప్పింది. నేనేదో అనబోతే "పరవాయిల్లై" (పరవాలేదు) అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ గదిలో మేము రెండు నెలల పైన ఉన్నాం. ఏటా నవరాత్రికి వారు ఆ ముందుగదిలోనే తొమ్మిది మెట్ల బొమ్మల కొలువు పెడతారు. ఈసారి మంచం అక్కడ ఉన్నందువల్ల వంటింటి పక్కన మూడు మెట్లతో సరిపెట్టుకుని, మిగిలిన బొమ్మలను పెట్టెలోనే ఉంచేశారు. పేరంటానికి వచ్చినవారికి సర్దిచెప్పుకుంటూ ఆవిడ రోజూ నాకు కూడా ఆకులో శెనగల సుండల్ పంపింది. అక్టోబరు 15న చెన్నైలో కుండపోతగా కురిసినప్పుడు వీధి నీరు మా వాకిలి మెట్టు దాకా వచ్చింది. ఆవిడ కొడుకు అర్ధరాత్రి లేచి, నేను మంచం మీద ఉండగానే ఒక్కొక్క కోడు ఎత్తి కింద రెండేసి ఇటుకలు పెట్టాడు. నీరు లోపలికి రాలేదు గాని, ఆ ఇటుకలు పదిరోజుల పాటు అలాగే ఉన్నాయి.

ఆ గది కిటికీ పక్కనే సంపు ఉంది. వర్షం వెలిసిన ఒక రాత్రి, మోటారు ఆగి గంట దాటినా సంపులోకి నీళ్లు జారుతున్న సన్నని చప్పుడు విని లేచి కూర్చున్నాను. పైతొట్టి నీటిని ఎవరూ వాడటం లేదు. నీరు వెనక్కి రాకుండా ఆపవలసిన నాన్ రిటర్న్ వాల్వు అరిగిపోయి, రాత్రంతా నీరు వచ్చిన గొట్టంలో నుంచే తిరిగి సంపులోకి దిగిపోతోంది. జీవితమంతా మరమ్మతులు చేసిన నేను ఆ వాల్వును విప్పి చూడకుండా, ఒక మనిషిని తప్పు పట్టాను. అమ్మా, మీరు నిర్దోషి అని, తప్పు నాదేనని ఇక్కడ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. వాల్వు మార్పించాను, తాళం తీసేశాను, ఆ పుస్తకంలోని పుటలో నా వాక్యం కింద ఈ సంగతి రాసి సంతకం పెట్టాను. ఇదంతా మీకు తమిళంలో మీ అబ్బాయి చదివి వినిపిస్తానన్నాడు.

మూడో ఇంటి అమ్మాయి నర్సింగు చదువుతోంది. రక్తం గడ్డకట్టకుండా వేయవలసిన ఇంజెక్షన్లు కాలేజీకి వెళ్లేముందు వచ్చి వేసి, వేసిన వైపు మర్నాడు వేయకుండా క్యాలెండరులో ఎడమ, కుడి అని గుర్తు పెట్టేది. షెల్ డివిజన్ పాత మిత్రులు వంతులవారీగా క్యారియర్లు పంపారు. మంగళవారం గోంగూర పప్పు, శుక్రవారం ములక్కాడ సాంబారు అని నాకు వారాలే కూరలతో గుర్తుండిపోయాయి. అయితే మా ఆవిడ వంటకన్న బాగున్నాయని ఒకరోజు నోరు జారినందుకు ఆమెకు మాత్రం ఇక్కడ క్షమాపణ చెప్పబోవడం లేదు, ఇంట్లో చెప్పాను.

నవంబరులో కాలు మోపవచ్చన్నాక ఫిజియోథెరపీ మొదలైంది. కట్టులో ఉండి బిగుసుకుపోయిన చీలమండ కదలడానికి బొటనవేలితో గాలిలో ఇంగ్లీషు అక్షరాలు రాయమంది అక్కడి అమ్మాయి. ఇరవై ఆరు రాసేసరికి విసుగు పుట్టి తెలుగు మొదలుపెట్టాను. యాభై ఆరు అక్షరాలలో నిలువు గీతలు తక్కువ, అన్నీ చుట్లే గనుక పాదం నలువైపులా తిరుగుతుంది. 'ఠ' సులువుగానే వచ్చింది; 'ఋ' పూర్తి చేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ అమ్మాయి ఓపికకు, మధ్యలో ఆపేసి ఏడ్చిన రోజున గది తలుపు వేసి ఎవరినీ రానివ్వనందుకు కూడా కృతజ్ఞుణ్ణి. డిసెంబరు 1న ఊతకర్ర పట్టుకుని, ఫెంగల్ తుపాను గాలి ఇంకా వీస్తుండగా, మా మెట్లు నేనే ఎక్కాను.

చక్రాల కుర్చీ, నడక స్టాండు, మంచం పక్కన వేసుకునే కమోడ్ కుర్చీ, ఈ మూడూ విల్లివాక్కం మిత్రుడు తన తల్లిగారు కాలం చేశాక దాచి ఉంచినవి. తిరిగి ఇవ్వబోతే, నీ దగ్గరే ఉంచు, కావలసినవారికి ఇవ్వు అన్నాడు. కాబట్టి అవి ప్రస్తుతం మా ఇంట్లో ఉన్నాయి. పెరంబూరు చుట్టుపక్కల ఎవరికి అవసరమైనా, ఏ భాషవారైనా, వచ్చి తీసుకుపోవచ్చు, అద్దె లేదు. స్టాండుకు ఒక కాలి రబ్బరు బూటు అరిగి టైల్స్ మీద జారుతోందని గమనించాను. నాలుగింటికీ కొత్తవి వేశాను.